షుగరు, సన్న రక్తనాళాలు, వంశం: ఒక పాత తగవు

మన సంఘంలో షుగరు ప్రస్తావన రాని సమావేశం లేదు. అప్పుడు రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. "మా వంశంలోనే కిడ్నీ జబ్బుంది, ఇంక పథ్యమెందుకండీ?" అని కొందరంటారు. "అంతా నోరు కట్టుకోకపోవడం వల్లనే" అని మరికొందరు. ఈ తగవు వైద్యుల మధ్య కూడా చాలా ఏళ్ళు నడిచింది. ఆ చరిత్రను నేను చదివి తెలుసుకున్నంతలో మనవి చేస్తాను.

1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరాన్ని తయారుచేశాడు. తరువాత కొద్ది ఏళ్ళకే వియన్నాలో యేగర్ అనే వైద్యుడు మధుమేహ రోగి రెటీనాలో మార్పులు గమనించాడు. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు మూత్రపిండాల్లో రక్తాన్ని వడపోసే సన్న నాళాల గుత్తులలో ముడులు కట్టడాన్ని వర్ణించారు. ఇన్సులిన్ వచ్చి అప్పటికి పద్నాలుగేళ్ళు. అంతకుముందు చిన్న వయసులో జబ్బు వచ్చినవారు కొద్ది కాలానికే పోయేవారు. వారి రక్తనాళాలు చెడేంత ఆయుష్షే ఉండేది కాదు.

అసలు తగవు 1968లో ముదిరింది. అమెరికాలో సిపర్‌స్టీన్ బృందం తొడ కండరం నుంచి చిన్న ముక్కలు తీసి, సన్న నాళాల గోడలోని పలచని పొరను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో కొలిచింది. తల్లిదండ్రులిద్దరికీ మధుమేహం ఉండి, తమకింకా రానివారిలో సైతం చాలామందికి ఆ పొర మందంగా కనిపించింది. చక్కెర పెరగకముందే నాళం చెడుతోందని, ఇది పుట్టుకతో వచ్చిన లోపమని వారి వాదం. కొలిచే పద్ధతే సరికాదని ఇతరులు ఎదురు తిరిగారు.

1993లో అమెరికా, కెనడాలలో 1441 మందిపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. వీరందరూ ఇన్సులిన్ తప్పనిసరైన మొదటి రకం వారు. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచిన వారిలో, అప్పటికి కంటిజబ్బు లేనివారికి అది కొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. పథ్యం వాదులు గెలిచినట్టే అనుకున్నారు.

అయితే వంశం మాట కొట్టివేయడానికి వీల్లేదు. ఉద్యోగమంతా అంకెలతోనే గడిపిన నన్ను ఈ లెక్క పట్టుకుంది: 1989లో మిన్నెసోటా వైద్యులు, తోబుట్టువులిద్దరికీ మధుమేహం ఉన్న కుటుంబాలను చూశారు. ఒకరికి కిడ్నీ దెబ్బతిన్న ఇళ్ళలో రెండోవారికీ ఆ లక్షణాలు 83 శాతం మందిలో ఉన్నాయి. దెబ్బతినని ఇళ్ళలో 17 శాతమే. అరిజోనాలోని పిమా తెగలో, రెండో రకం మధుమేహంలోనూ, ఇదే పోకడ 1990లో బయటపడింది. చెన్నై పరిశోధకులు మన దక్షిణాది కుటుంబాలలోనూ దీన్ని చూపారు.

2019లో సుమారు 19,000 మంది మొదటి రకం రోగుల జన్యువులు వెతికినప్పుడు గట్టిగా నిలిచిన వాటిలో ఒకటి ఆ పలచని పొరలోని కొల్లాజెన్‌కు సంబంధించినదే. అందులో ఒక చిన్న మార్పు ఉన్నవారికి కిడ్నీ జబ్బు ముప్పు తక్కువ. సిపర్‌స్టీన్ కొలిచిన లాంటి పొరే మళ్ళీ ముందుకొచ్చింది!

ఇంత జరిగినా, రక్తం తీసి "నీ కిడ్నీ చెడుతుంది, నీది చెడదు" అని తేల్చి చెప్పే జన్యుపరీక్ష మామూలు వైద్యంలోకి రాలేదు. అన్నదమ్ములకో అక్కచెల్లెళ్ళకో కిడ్నీ, కన్ను దెబ్బతిని ఉంటే డాక్టరుగారు అడగకపోయినా చెప్పండి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, కంట్లో చుక్కలు వేసి రెటీనా చూసే పరీక్ష ఎంత తరచుగా చేయించుకోవాలో ఆయన్నే అడిగి రాసుకోండి.