ఎడారి పిశాచం ‘గూల్’: జానపదుల నమ్మకం, పండితుల పరిశీలన

ఇస్లాంకు పూర్వపు అరబ్బులకు దెయ్యాల కథల కొదవ లేదు. వాటన్నిటిలోకి ఎక్కువగా భయపెట్టినది, ఎక్కువ కాలం నిలిచినది ‘గూల్’. నిర్జనమైన ఎడారిలో ఒంటరి బాటసారికి అది స్త్రీ రూపంలో కనిపిస్తుందని, రాత్రివేళ దూరాన మంటలు వెలిగించి అతన్ని దారి తప్పిస్తుందని, క్షణానికొక రూపం ధరిస్తుందని, చివరకు మట్టుబెడుతుందని వారు నమ్మేవారు. ఎన్ని రూపాలు మార్చినా కాళ్ళు మాత్రం మారవట, అవి గాడిద కాళ్ళట. కొందరు మేక కాళ్ళన్నారు. తెలుగు పల్లెల్లో పొలిమేర దాటినవారికి అర్ధరాత్రి నిప్పుతో కనిపించి దారి మళ్ళించే కొరివి దెయ్యం కథ విన్నవారికి ఇది కొత్తగా తోచదు. మన దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఏ వేషం వేసినా కాళ్ళ దగ్గరే గుట్టు బయటపడటం ఇక్కడా అక్కడా ఒకటే.

ఈ పదం పుట్టిన ధాతువుకు ఏమరుపాటున పట్టి నాశనం చేయడం అని అర్థం. దొంగచాటు హత్యను సూచించే ‘ఇగ్తియాల్’ కూడా దీని నుండి వచ్చిందే. ‘తగవ్వుల్’ అంటే రంగులు, రూపాలు మార్చడం. దివ్య ఖుర్ఆన్‌లో ‘గూల్’ అన్న మాట లేదు. అయితే స్వర్గవాసుల పానీయంలో ‘గౌల్’ ఉండదని 37వ సూరా 47వ ఆయతు చెబుతున్నది. మనిషికి తెలియకుండా అతని బుద్ధిని, ఒంటిని కాజేసే చెరుపు అని అక్కడి భావం. కవులకు, కాపరులకు గూల్ ఎక్కువగా స్త్రీయే, వ్యాకరణంలోనూ ఆ పదం స్త్రీలింగమే.

గూల్‌తో తలపడ్డానని చాటుకున్నవారిలో మొదట చెప్పవలసినవాడు ఫహ్మ్ తెగకు చెందిన సాబిత్ బిన్ జాబిర్. దారిదోపిడీలతో బ్రతికిన ఈ జాహిలియా కాలపు కవికి లోకం పెట్టిన పేరు ‘తఅబ్బత షర్రన్’, అనగా కీడును చంకన పెట్టుకున్నవాడు. ఎడారిలో దొరికిన పొట్టేలును చంకన పెట్టుకొని వస్తూ ఉంటే గుడారాలు సమీపించేసరికి అది మోయలేనంత బరువెక్కిందట, క్రింద పడవేసి చూస్తే గూల్ అట. ఆ పేరుకు చెప్పే కారణాలలో ఇదొకటి. ఒక పద్యంలో అతడు దాన్ని ఒక్క కత్తివేటుతో కూల్చానన్నాడు. మరొక వేటు వేయమని అది కోరినా వేయలేదు. ఎందుకంటే రెండవ దెబ్బకు గూల్ మళ్ళీ లేస్తుందని అరబ్బుల నమ్మకం!

గూల్‌కు సోదరి వంటిది ‘సిఅలాత్’. అమ్ర్ బిన్ యర్బూ అనే అతడు ఒక సిఅలాత్‌ను పెళ్ళాడాడు. మెరుపు కంటపడనంతవరకు ఆమెను మించిన ఇల్లాలు ఉండదని ఆమె వారు ముందే హెచ్చరించారు. మెరుపు మెరిసినప్పుడల్లా అతడు ఆమె ముఖాన్ని కప్పుతూ కాపాడుకున్నాడు. బిడ్డలు కలిగారు. ఒకనాటి రాత్రి ఏమరినాడు. ఆమె మెరుపును చూసి, అది తన పుట్టినగడ్డ మీద మెరిసిందని చెప్పి, ఒంటెనెక్కి వెళ్ళిపోయింది. ఆ సంతతిని ‘సిఅలాత్ బిడ్డలు’ అని పిలిచేవారు. ఇందులో భయం కంటే పుట్టింటి బెంగ ఎక్కువ వినిపిస్తుంది.

ఇటువంటి వాతావరణంలోనే దైవప్రవక్త (స.అ.సం.) అంటువ్యాధి, దుశ్శకునం, గూల్ అనేవి లేవని ప్రకటించారు. ఈ హదీసు హజ్రత్ జాబిర్ (రజి.) ద్వారా సహీహ్ ముస్లింలో ఉన్నది. అందులోని ఒక ఉల్లేఖనంలో గమనించదగిన విషయం ఉంది. ‘సఫర్’ అనే పదానికి జాబిర్ వివరణ ఇచ్చారు గాని గూల్‌కు ఇవ్వలేదు. ఆయన నుండి విన్న అబుజ్జుబైర్, రూపాలు మార్చేదే ఈ గూల్ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు.

ఇక్కడే చిక్కు వస్తుంది. జిన్నులు ఉన్నాయని ఖుర్ఆన్ చెబుతున్నది, 72వ సూరా పేరే ‘జిన్న్’. 6వ సూరా 71వ ఆయతులో షైతానులు దారి తప్పించగా దిక్కుతోచక తిరుగుతున్న మనిషి ఉపమానం ఉంది. వారు బాటసారిని అతని పేరుతో, తండ్రి తాతల పేర్లతో పిలిచే గూల్‌లని ఇబ్న్ అబ్బాస్ (రజి.) చెప్పినట్లు తబరీ తమ తఫ్సీర్‌లో పేర్కొన్నారు. (రాత్రి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకరాదని మన పెద్దలు చెప్పే మాట ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి.) ఇంట్లో అరలోని ఖర్జూరాలను ఒక గూల్ వచ్చి తీసుకుపోయేదని, పట్టుబడి ‘ఆయతుల్ కుర్సీ’ పఠించమని చెప్పిందని, అబద్ధాలకోరు అయినా ఈ మాట మాత్రం నిజం చెప్పిందని ప్రవక్త (స.అ.సం.) అన్నారని తిర్మిజీలో ఉంది. మరి లేదన్నది దేనిని?

క్రీ.శ. 1277లో మరణించిన ఇమాం నవవీ ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు నమోదు చేశారు. అధిక సంఖ్యాకుల అభిప్రాయంలో అరబ్బులు చెప్పుకునే ఆ ప్రాణియే లేదు. మరికొందరి దృష్టిలో నిరాకరించబడినది ప్రాణి కాదు, దానికి కట్టబెట్టిన శక్తి. అనగా ఇష్టం వచ్చిన రూపం దాల్చి మనిషిని దారి తప్పించి చంపగలదనే నమ్మకం. గూల్‌లు కనిపిస్తే అజాన్ ఇవ్వమనే హదీసును ఈ రెండవ పక్షంవారు చూపుతారు. హసన్ బస్రీ దానిని జాబిర్ నుండి స్వయంగా వినలేదని ముహద్దిసులు ఆ గొలుసును తప్పుపట్టారు. కాని హజ్రత్ ఉమర్ (రజి.) మాట ఒకటి ఇబ్న్ అబీ షైబా సంకలనంలో ఉన్నది, దానిని ఇబ్న్ హజర్ సరైనదని అన్నారు. అల్లాహ్ సృష్టించిన రూపాన్ని ఎవరూ మార్చుకోలేరు, అయితే మీలో మాంత్రికులున్నట్లే వారిలోనూ ఉన్నారు, అటువంటిది చూస్తే అజాన్ ఇవ్వండి అని దాని సారాంశం. భయపడేవాణ్ణి ఈ మాట ఎగతాళి చేయదు. అతని భయానికి గూల్ మీద రాజ్యాధికారమూ ఇవ్వదు. తాయెత్తుల బేరగాళ్ళు ఈ రెండవ సగాన్ని జనానికి వినిపించరు.

పండితుల వాదం ఇలా ఉండగా బస్రాలో మరొక రకం పరిశీలన జరిగింది. జాహిజ్ (మరణం క్రీ.శ. 869 ప్రాంతం) తన ‘కితాబుల్ హయవాన్’లో తన గురువు, ముఅతజిలా తార్కికుడు నజ్జామ్ చెప్పిన విశ్లేషణను విపులంగా వ్రాశాడు. జనం లేని ప్రదేశంలో, పని లేక, తోడు లేక ఎక్కువ కాలం గడిపినవానికి ఒంటరితనం పట్టుకుంటుంది. ఊహలతోనో ఆలోచనతోనో తప్ప ప్రొద్దు గడవదు, ఆ ఆలోచనే శంకగా ముదురుతుంది. చిన్నది పెద్దదిగా కనిపిస్తుంది. కనిపించనిది చూస్తాడు, వినిపించనిది వింటాడు. దానిని పద్యంగా కడతాడు. ఆ పద్యాలు వింటూ పెరిగిన పిల్లవాడు పెద్దవాడై చీకటి రాత్రి ఎడారి నడుమ నిలబడినప్పుడు, గుడ్లగూబ మొదటి కూతకే విన్నవన్నీ కళ్ళకు కడతాయి. అతడు సహజంగానే గొప్పలు చెప్పుకునేవాడైతే ఇక చెప్పనక్కరలేదు, గూల్‌ను చూశానంటాడు, తరువాత చంపానంటాడు, ఆ తరువాత స్నేహం చేశానంటాడు, చివరకు పెళ్ళాడానంటాడు. వినేవాడు తనవంటి ఎడారివాసే, సందేహించడం ఎన్నడూ నేర్చుకోనివాడు. ఆపై కథలు సేకరించే రావీలకు ఎంత వింతైతే అంత ప్రీతి. జాహిజ్ ఉదహరించిన ఉబైద్ బిన్ అయ్యూబ్ అనే కవి పాలకుల నుండి పారిపోయి అడవులు పట్టి తిరిగినవాడు, తోడేళ్ళతోను గూల్‌లతోను చెలిమి చేశానన్నవాడు. నజ్జామ్ చెప్పిన ఒంటరితనానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకడు.

ఇక్కడ ఒక్కటి స్పష్టం చేయాలి. జిన్నులు లేవని జాహిజ్ అనలేదు. జిన్నుల పేరిట చెలామణి అయ్యే ప్రతి కథకూ సాక్ష్యం అడిగాడు, అంతే.

క్రీ.శ. 956లో మరణించిన మస్ఊదీ తన ‘మురూజుజ్జహబ్’లో గూల్‌కు ప్రత్యేకంగా చోటిచ్చాడు. అది ప్రకృతి లోపంతో పుట్టి ఏకాంతం వెదుక్కునే వింత జంతువని కొందరు తత్త్వవేత్తలు అన్నారట. కొన్ని నక్షత్రాల ఉదయం వల్ల కలిగే ప్రభావమని భారతీయులలో ఒక వర్గం చెప్పిందని కూడా వ్రాశాడు. నక్షత్రం మాట వచ్చింది కాబట్టి మరొక ముచ్చట. గ్రీకు నక్షత్రపటంలోని రాక్షసి తలకు అరబ్బీ అనువాదకులు వాడిన మాట ‘రఅసుల్ గూల్’. ఐరోపావారి నోట అది ‘అల్గోల్’ అయింది. దాదాపు 2 రోజుల 21 గంటలకొకసారి మసకబారే ఆ తార నేటికీ ఆ పేరుతోనే ఉంది.

ఐరోపాకు చేరిన గూల్ పూర్తిగా మారిపోయింది. అలెప్పో నగరవాసి హన్నా దియాబ్ 1709లో ప్యారిస్‌లో ఆంత్వాన్ గాలాండ్‌కు కొన్ని కథలు చెప్పాడు. వాటిలో ఒకటైన ‘సీదీ నూమాన్’ కథలో కొత్త కోడలు రాత్రివేళ శ్మశానానికి పోయి గూల్‌తో కలిసి శవాన్ని తింటుంది. ఈ కథకు అంతకు పూర్వపు అరబ్బీ ప్రతి దొరకలేదు. 1786లో ఇంగ్లీషులో వెలువడిన బెక్‌ఫర్డ్ నవల ‘వాథెక్’ దానికి మరింత ప్రచారం కల్పించింది. అటుపై నిఘంటువులు గూల్ అంటే సమాధులు త్రవ్వి పీనుగులు తినేదని వ్రాశాయి. ఇంగ్లీషు నుండి తెలుగులోకి వచ్చే అనువాదాలలోనూ అదే ‘శవాలు తినే పిశాచం’గా దర్శనమిస్తున్నది. జాహిజ్ ఎరిగిన ఎడారివాసికి ఈ వర్ణన వినిపిస్తే గుర్తుపట్టడు. అతని గూల్‌కు శ్మశానంతో పని లేదు, దానికి కావలసినది దారి తప్పగల బాటసారి.