గోధుమల బాకీలో వచ్చిన పుస్తకాలు

మా నాన్నకి ఒక పుస్తకం కావాలి. 1966లో మా వైపు ఒక బడిపంతులుగారు సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న చిన్న స్థలచరిత్ర. మా ఊరి గ్రంథాలయంలో ఉన్న ప్రతిని ఎప్పుడో చెదలు తినేశాయి. ఇక్కడ పార్సిప్పనీలో కూర్చుని హాతీట్రస్ట్ సైట్లో వెతికితే కనపడింది! మా ఊరి పేరు కొడితే 31వ పేజీలో రెండుసార్లు ఉందని కూడా చెప్పింది. ఆ పేజీ మాత్రం చూపించదు. కాపీరైటు ఉంది కాబట్టి వెతుక్కోవచ్చు, చదవకూడదు.

అసలు మా పంతులుగారి పుస్తకం అమెరికా ఎలా చేరింది? గోధుమల పుణ్యాన. 1954 నాటి పబ్లిక్ లా 480 కింద అమెరికా మనకి గోధుమలు అమ్మి, డాలర్లకి బదులు రూపాయలు పుచ్చుకుంది. ఆ రూపాయలు మన దేశంలోనే పేరుకుపోయాయి. వాటిలో కొంత పెట్టి పుస్తకాలు కొనేందుకు 1958లో చట్టం సవరించారు. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు తెరిచి, మన భాషల పుస్తకాలు కొని షికాగో, మేడిసన్, బర్కిలీ, ఫిలడెల్ఫియా వంటి చోట్ల ఉన్న యూనివర్సిటీలకి పంపడం మొదలుపెట్టింది. జల్లెడ పెద్దగా పట్టలేదు. మంచి నవలతోపాటు ఊరూపేరూ లేని పుస్తకాలూ ఓడెక్కాయి. అప్పట్లో ఇంత చెత్త ఎందుకని విసుక్కున్న వాళ్ళూ ఉన్నారు. ఆ చెత్తలోనే ఇవాళ మా ఊరుంది.

తర్వాత గూగుల్ ఆ లైబ్రరీల్లో చాలావాటిని స్కాన్ చేసింది. ఆ స్కాన్లు దాచడానికి 2008లో యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్నదే హాతీట్రస్ట్.

మన దగ్గర జరిగింది వేరు. మన తెలుగాయనే, కార్నెగీ మెలన్‌లో పనిచేసిన రాజ్ రెడ్డిగారి పూనికతో మొదలైన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి కేంద్రాల్లో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వచ్చిన ఆ పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. కాకపోతే పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. 'చరిత్ర'ని నాలుగు రకాలుగా రాసి చూస్తే గానీ ఒకటి తగలదు. అక్కడ తలుపులకి తాళం లేదు గానీ, ఏ గది ఎక్కడుందో తెలియదు. ఇక్కడ గది నంబరుతో సహా తెలుసు, తాళం తీయరు. నన్నడిగితే మొదటిదే మేలు. తప్పుడు పేర్లని ఓపికున్న వాళ్ళు ఎప్పటికైనా దిద్దుకోవచ్చు.

చివరికి మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడిగితే, ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద వేరే రాష్ట్రం నుంచి అసలు పుస్తకమే తెప్పించి పెట్టారు. లోపల పి.ఎల్. 480 ముద్ర ఉంది. గడువు చీటీ మీద ఒక్క తేదీ కూడా లేదు. అరవై ఏళ్ళలో దాన్ని ఇంటికి తీసుకెళ్ళిన మొదటివాణ్ణి నేనేనేమో.

ఆ రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి 31వ పేజీ చదివి వినిపించాను. మా ఊరి చెరువుకి గండి పడిన సంగతి. నాన్న రెండోసారి చదవమన్నారు.

హక్కుదారులు ఒక అనుమతి పత్రం మీద సంతకం చేస్తే హాతీట్రస్ట్ ఆ పుస్తకాన్ని అందరికీ తెరుస్తుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా హక్కు వారసులదే. ఈ మాట చెప్తే నాన్న కాసేపు ఆలోచించి, "పంతులుగారి రెండోవాడు గుంటూరులో ఉండాలిరా, రేపు కనుక్కుంటా" అన్నారు.