వెనక సీటు ఎప్పుడూ మనదే, పేచీ అంతా తాళం దగ్గరే!

ఆడవాళ్ళు బండెక్కితే ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదండీ, వెనక కూర్చున్నంతవరకు. ముందుకొచ్చి స్టీరింగ్ పట్టుకున్నప్పుడే లోకానికి మన క్షేమం గుర్తొస్తుంది.

నిజానికి కారులో మొట్టమొదట దూరప్రయాణం చేసింది ఒక ఇల్లాలే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని పుట్టింటికి బయల్దేరింది. సుమారు 106 కిలోమీటర్లు! దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. అయినా ఆ తర్వాత కూడా "హ్యాండిల్ తిప్పి ఇంజను స్టార్ట్ చేసే బలం ఆడవాళ్ళకెక్కడిది?" అన్నారు. 1912లో కాడిలాక్ కార్లకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. బలం సాకు పోయింది, "కంగారెక్కువ" అన్న సాకు మిగిలింది.

మన సంగతికొస్తే, మంగళగిరి పక్కనున్న చిర్రావూరు సావిత్రి పుట్టిన ఊరు. ఆవిడకు కార్లంటే ప్రాణం, స్వయంగా నడిపేది. 2018లో 'మహానటి' సినిమా వచ్చినప్పుడు అందరం మురిసిపోయాం. కానీ మా చిన్నప్పుడు ఆ మాటెత్తితే పెద్దవాళ్ళ జవాబు ఒకటే: "సినిమావాళ్ళకి చెల్లుతుందమ్మా, సంసారులకి కాదు."

సంసారుల చోటేదో రూల్సు కూడా చెప్పాయి. 1989 మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా బండికి అడ్డు ఉండాలి. మనం చీర గార్డు అంటామే, అదే. మంచి రూలే, ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది. అయితే పేరు చూడండి, చీర వెనక సీటులోనే ఉంటుందని తేలిపోయింది!

1980లలో కైనెటిక్ హోండా వచ్చాక గేర్ల బాధ, కిక్ కొట్టే బాధ రెండూ తప్పాయి. అయినా నేను స్కూటర్ నేర్చుకుంటానంటే మా అత్తగారు, "పడితే పిల్లల గతేంటి?" అన్నారు. మా ఆయన పడితే గతేంటో ఎవరూ అడగలేదు. నేర్చుకున్నాక తెలిసింది, వాళ్ళ భయం పడతానని కాదు. ఎవరినీ అడక్కుండా వెళ్ళగలనని.

2015లో నల్గొండ జిల్లా అమ్మాయి సరిత ఢిల్లీ ప్రభుత్వ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరైంది. బస్సు నిండా జనాన్ని నమ్మి ఎక్కించారు. మరి మన వీధిలో? స్కూటర్ ఆవిడది, ఆర్సీ ఆవిడ పేరున, రోజంతా నడిపేదీ ఆవిడే. సాయంత్రం ఇద్దరూ కలిసి గుడికి బయల్దేరితే మాత్రం తాళం ఆయన చేతికి వెళ్తుంది. ఈసారి గమనించండి.