పప్పన్నం ఎప్పుడు పెడతావు?

పెళ్లీడుకొచ్చిన కుర్రాడు ఎదురుపడితే తెలుగునాట పెద్దవాళ్లు పెళ్లెప్పుడని సూటిగా అడగరు. "పప్పన్నం ఎప్పుడు పెడతావురా?" అంటారు. బూరెల ఊసు లేదు, లడ్డూల ఊసు లేదు, పులిహోర పేరైనా ఎత్తరు. ఇంట్లో రోజూ తినే పప్పూ అన్నమూ పెళ్లికి మారుపేరు ఎలా అయ్యాయో హాస్టల్ మెస్సులో పల్చటి పప్పు చూసి మొహం ముడుచుకునే పిల్లలకు బొత్తిగా అంతుపట్టదు.

మాట పుట్టిననాడు ఆ రెండూ రోజూ తినేవి కావు, అంతే. వరి అన్నం చెరువు కిందా కాలువ కిందా మడి ఉన్నవాళ్ల భోగం. మెట్ట ఊళ్లలో జొన్నసంకటి, రాగి అంబలి, కొర్రన్నం. దాంట్లోకి పచ్చిపులుసో, నూరిన గోంగూరో, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా. లేదంటే ఉలవలు ఉడికించి, గింజలు ఎడ్లకు పెట్టి, ఆ నీళ్లను చింతపండుతో కాచిన చారు. ఆ ఉలవచారే ఇప్పుడు మీగడ వేయించుకుని పెద్ద హోటళ్లలో దర్జాగా కూర్చుంది, అది వేరే సంగతి. తెల్లటి అన్నం మీద ముద్దపప్పు, దాని మీద నెయ్యి పడాలంటే మాత్రం పండగ రావాలి, లేదా ఎవరిదో పెళ్లి కావాలి.

పాత కావ్యాల్లో పప్పు ఎక్కడ కనిపిస్తుందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. వినుకొండ వల్లభరాయుని పేర ఉన్న 'క్రీడాభిరామం' (శ్రీనాథుడిదేనని వాదించేవాళ్లూ ఉన్నారు) కాకతీయుల ఓరుగల్లులో ఒక్క రోజు తిరుగుడు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు వీధులన్నీ చుట్టబెడుతూ పూటకూళ్లింటి భోజనం దాకా వస్తారు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక రూకకు ఏమేమి దొరుకుతాయో కవి నోరూరేలా ఏకరువు పెడతాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్త నెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. వాటి నడుమ పప్పూ ఉంది. అయితే అది కందిపప్పు కాదు, పెసరపప్పు.

కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడి ఇంటి విందును ఋతువుకొక తీరుగా వర్ణించాడు. జడివాన పట్టిన రోజుల్లో అతిథులకు వరి అన్నం, పొట్టు ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. తడికట్టెల పొగ ఇల్లాలి కళ్లకు తగలకుండా పొయ్యిలో కొబ్బరి చిప్పలు పెట్టిస్తాడు. వంటింటి పొగను పట్టించుకున్న చక్రవర్తులు ఎందరున్నారో గానీ, ఇక్కడ చూడాల్సింది 'ఒలిచిన' అన్న ఆ చిన్న మాటను. పప్పుకు పొట్టు తీసి ఉండటం చెప్పుకోదగిన విశేషం అన్నమాట.

గింజల వయసులోకి వెళ్తే పెసరకే పెద్దరికం. దక్షిణాది కొత్తరాతియుగపు ఊళ్లలో, పశువుల పేడ తగలబెట్టిన బూడిదదిబ్బల పరిసరాల్లో, మాడిన గింజలను ఏరి చూసిన పరిశోధకులకు క్రీ.పూ. 2000 ప్రాంతానికే ఉలవలు, పెసలు కనిపించాయి. తోడుగా అండుకొర్రల వంటి చిరుధాన్యాలు. కంది అక్కడికి ఆలస్యంగా వచ్చింది. బళ్లారి పక్కనున్న సంగనకల్లులో (1953లో ఆంధ్రరాష్ట్రం విడిపోయేటప్పుడు మైసూరుకు వెళ్లిపోయిన తాలూకా అది) కందిగింజ ఆనవాళ్లు క్రీ.పూ. 1400 ప్రాంతంవి. దాని పుట్టిల్లు తూర్పున ఉంది. బస్తర్, ఒడిశా అడవుల్లోనూ తూర్పు కనుమల అంచున ఆంధ్రలోనూ ఇప్పటికీ పెరిగే ఒక అడవి మొక్క కందికి తల్లి అని శాస్త్రజ్ఞులు తేల్చారు. గోదావరికి ఉత్తరాన కొండల్లో తిరిగే తెలుగువాడు ఏ పొదను తోసుకుంటూ నడుస్తాడో, తన పప్పుకు అమ్మమ్మ అదేనని అతనికి తెలియదు.

పెసర ఒద్దికైన గింజ. నానబెడితే పొట్టు దానంతట అదే జారుతుంది, పొయ్యి మీద పెట్టిన కాసేపటికే మెత్తబడుతుంది. కంది అలా కాదు. దాని పొట్టుకూ బద్దకూ మధ్య జిగురు పొర ఒకటుంది. ఉత్తినే తిరగట్లో వేసి తిప్పితే పొట్టు ఊడదు సరికదా గింజ నుగ్గవుతుంది. ఆ జిగురును వదిలించడానికి పల్లెల్లో ఆడవాళ్లు పట్టిన ఉపాయం ఎర్రమట్టి.

కొత్త కందులు సంక్రాంతి అటూఇటూగా ఇంటికొచ్చేవి. వాటిని కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, వార్చి, జల్లించిన ఎర్రమట్టిని నీళ్లతో కలిపి పట్టించేవారు. ఒక రాత్రి కుప్పగా ఉంచి, తెల్లారి వాకిట్లో పరిచి రెండు మూడు రోజులు ఎండనిచ్చేవారు. నానినప్పుడు ఉబ్బిన బద్ద ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, పొట్టు మాత్రం వదులుగా ఉండిపోతుంది. మట్టిని జల్లించి పారేసి, అప్పుడు తిరగలి. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని ఒకే పిడి మీద చేతులు వేసి తిప్పుతుంటే, ఒకరు ఖాళీ చేత్తో గుప్పెడు గుప్పెడు పోస్తుంటారు. పక్కన చేట. చెరిగితే పొట్టు ఒకవైపు, నూక ఒకవైపు, బద్ద ఒకవైపు. పొట్టూ నూకా గేదె కుడితిలోకి. పగలని గింజలు మళ్లీ తిరగట్లోకి.

ఇలా తడిపి చేసిన పప్పుబద్ద మధ్యలో చిన్న గుంటపడి ఉంటుంది. కొన్నవాళ్లు ఆ గుంట చూసి ఇంటిపప్పేనా కాదా అని పోల్చుకునేవారు. రుచి బాగుండేదని పేరు, ఉడకడానికి మాత్రం ఎక్కువసేపు పట్టేది. నాలుగు కుంచాల కందులు పప్పు కావాలంటే ఇంట్లో ఆడవాళ్లకు వారం రోజుల పని. పెళ్లి కుదరగానే పసుపు దంచడంతో పాటు పప్పు విసరడం మొదలయ్యేది అందుకే. ఊరందరికీ పప్పన్నం పెట్టడమంటే ఊరందరి కోసం అన్ని రోజులు తిరగలి తిప్పడం. పిలుపులో పప్పు పేరు ఎందుకొచ్చిందో, ఇవాళ ప్యాకెట్ కత్తిరించి కుక్కర్లో పోసుకునేవాళ్లకు ఊహకందడం కష్టమే.

ఉడకబెట్టడంలోనూ పేచీలు తక్కువేం కాదు. "నీ పప్పులు ఇక్కడ ఉడకవు" అన్న మాట ఊరికే పుట్టలేదు. ఒక ఊళ్లో మెత్తగా ఉడికిన పప్పు పక్క ఊళ్లో ఎంతసేపటికీ రాయిలా ఉండిపోతుంది. తేడా నీళ్లది. గింజలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరిగితేనే బద్ద మెత్తబడుతుంది. ఉప్పునీటి బావుల్లోని కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ను గట్టిగా పట్టేస్తాయి. పప్పుకోసమని ప్రత్యేకంగా చెరువు నీళ్లో కాలువ నీళ్లో మోసుకొచ్చిన ఇల్లాలికి ఈ రసాయనశాస్త్రం తెలియకపోవచ్చు, కానీ దాని ఫలితం ఆమెకు కచ్చితంగా తెలుసు. పులుపు కూడా అదే పని చేస్తుంది. చింతపండు పులుసైనా మామిడికాయ ముక్కలైనా పప్పు మెత్తబడ్డాకే వేయాలన్న వంటింటి కట్టుబాటు వెనక ఉన్నదీ అదే.

ఉడికాక పప్పుగుత్తి. కోస్తాలో పప్పు మెదుపుతారు, రాయలసీమలో ఎనుపుతారు. అక్కడ పప్పులను బేడలనీ అంటారు. కోస్తా గోంగూర తెలంగాణలో పుంటికూర అవుతుంది. ఆకు ఏదైతేనేం, చుక్కకూర, తోటకూర, బచ్చలి, వేసవి మొదట్లో కొమ్మలు వంచి కోసుకొచ్చే చింతచిగురు, తెలుగువాడు దేన్నైనా పప్పులోకి దింపేశాడు. కూరా పప్పూ వేరువేరుగా వండుకునే తాహతు లేని ఇంట్లో రెండూ ఒకే కుండలోకి చేరాయనుకోవచ్చు. నలుగురికి సరిపోని పప్పును ఆకు ఎనిమిది మందికి సరిపెడుతుంది.

ఈ పప్పుల్లో కొన్ని మనం అనుకున్నంత పాతవి కావు. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మిరపను తెచ్చేదాకా పోపులో కారమంటే మిరియమే. మిరప అన్న పేరు కూడా మిరియం నుంచి అరువు తెచ్చుకున్నదే. ఓరుగల్లు పూటకూళ్లింట్లో ఎండుమిరపకాయ లేదు. టమాటా పప్పు ఇంకా కుర్రది. రామములగపండు అని పేరు పెట్టి కొన్నాళ్లు అనుమానంగానే చూశారు దాన్ని. ఇప్పుడు అది లేని వంటిల్లు లేదు.

కందిని పండగ నుంచి రోజువారీ కంచంలోకి దింపింది మర. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలుమార్గం 1874లో తెరుచుకుంది. ఆ దారిలో ఉన్న తాండూరు నాపరాళ్లకూ కందులకూ పేరు మోసింది. పప్పు మిల్లుల్లో గింజను గరుకు రోలర్ల మీద గీకి, నూనె పట్టించి, ఎండబెట్టి పగలగొడతారు. ఎర్రమట్టి స్థానంలో నూనె, తిరగలి స్థానంలో మోటారు, వాకిలి స్థానంలో సిమెంటు కళ్లం. వంద కిలోల కందులకు 70, 75 కిలోల పప్పు వస్తుంది, మిగిలింది పొట్టూ నూకా. తాండూరు నల్లరేగడిలోని అట్టాపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం వల్లే తమ పప్పుకు ఆ రుచి అని అక్కడివాళ్లు చెబుతారు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరిహద్దుకు అవతల గుల్బర్గా కందిపప్పుకు అంతకు మూడేళ్ల ముందే దక్కింది.

మిల్లు విసురు బాధ తప్పిస్తే, ప్రెషర్ కుక్కర్ ఉడుకు బాధ తప్పించింది. హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్ల తయారీ మన దేశంలో 1959 ప్రాంతంలో మొదలైంది. లోపల వేడి 120 డిగ్రీల దాకా పోవడంతో ఉప్పునీళ్ల పెంకితనం కూడా లొంగిపోయింది. పప్పు ఉడికిందో లేదో బద్ద నలిపి చూసే వేళ్లు పోయి, విజిళ్లు లెక్కపెట్టే చెవులు మిగిలాయి.

పొలంలో కథ ఇంత సాఫీగా లేదు. జొన్న సాళ్ల మధ్య, అనంతపురంలో వేరుసెనగ మధ్య ఒక సాలుగా కందిని వేయడం రైతు ముందుచూపు. వాన ముఖం చాటేసి పైరు పోయినా, లోతుకు వేరు దింపే కంది ఏదో కాస్త చేతికిస్తుంది. దానికి యముడు ఎండు తెగులు. 1972లో పటాన్‌చెరులో పెట్టిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కందిని తన ముఖ్య పంటల్లో చేర్చుకుంది. అక్కడి కృషి నుంచి తెగులును తట్టుకునే 'మారుతి' 1986లో, 'ఆశ' 1993లో వచ్చాయి. కంది జన్యుక్రమాన్ని చదివినప్పుడు శాస్త్రజ్ఞులు ఎంచుకున్నది ఆ ఆశనే. పటాన్‌చెరు విత్తన భాండాగారంలో 13 వేలకు పైగా కంది రకాలు చలిలో నిద్రపోతున్నాయి.

2013 ఉగాదికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'అమ్మహస్తం' పేరిట 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చింది. అందులో కిలో కందిపప్పు 50 రూపాయలు. పెళ్లివిందు రేషన్ సంచిలోకి చేరిందనుకునేలోగా, 2015 అక్టోబరులో బజారులో కిలో ధర 200 దాటి మధ్యతరగతివాళ్లు కూడా పప్పుచారు పల్చన చేసుకున్నారు. ఆ ధర చూసి రైతులంతా కంది వేశారు. 2016-17లో దేశంలో పంట 25 లక్షల టన్నుల నుంచి 48 లక్షల టన్నులకు ఎగబాకింది. క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర కాగితం మీద ఉండగానే యార్డుల్లో రేటు దానికన్నా కిందికి జారింది.

ఇంతలో కంది దేశాలు తిరిగి వచ్చింది. మన తీరం నుంచి ఎన్నడో ఆఫ్రికాకు చేరిన ఈ గింజ బానిసల ఓడల దారిన కరీబియన్ దీవులకు వెళ్లింది. బార్బడోస్‌లో పావురాలకు మేతగా వేయడంతో ఇంగ్లీషులో దానికి పావురాల బఠానీ అన్న అర్థంలో పేరు స్థిరపడింది. పోర్టోరికోలో దాన్ని 'గాందూలెస్' అంటారు. అది మన 'కందులు' అన్న మాటేనని కొందరు భాషావేత్తల వాదన. క్రిస్మస్‌కు అక్కడి ఇళ్లలో తప్పకుండా వండేది బియ్యమూ కందులూ కలిపిన వంటకం. అంటే వాళ్లకూ పండగంటే పప్పన్నమే.

2016 జులైలో భారత్ మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. ఏటా లక్ష టన్నుల కందులతో మొదలుపెట్టి అయిదేళ్లలో రెండు లక్షల టన్నులకు పెంచాలని. భూమధ్యరేఖకు దిగువన ఉన్న ఆ దేశంలో కంది ఆగస్టు, సెప్టెంబరుల్లో కోతకొస్తుంది. ఓడలు దసరాకు, దీపావళికి మన రేవుల్లో ఉంటాయి. తాండూరు కొత్త పంట మార్కెట్టుకు రావడానికి అప్పటికింకా రెండు నెలలు. కార్తీకమాసపు ముహూర్తానికి పందిట్లో వడ్డించే పప్పు ఏ దేశపు చేలో పండిందో వంటబ్రాహ్మణ్ని అడిగినా చెప్పలేడు. బస్తా మీద మిల్లు పేరే ఉంటుంది.