రాగి గనుల రాక్

స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో కెనెత్ కౌండా సైకిలు వెనక గిటారు కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. సభల్లో ముందు పాట, తర్వాతే ప్రసంగం. 1964 అక్టోబరు 24న ఉత్తర రొడీషియా జాంబియాగా మారి, ఆయన తొలి అధ్యక్షుడయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కొన్నేళ్లకు ఆయన ప్రభుత్వం రేడియోలో 95 శాతం జాంబియా పాటలే వెయ్యాలని హుకుం జారీ చేసింది. ఆయన మనసులో ఉన్నవి బహుశా పల్లె పదాలు, దేశభక్తి గీతాలు అయి ఉంటాయి. కుర్రాళ్లు పట్టుకున్నది మాత్రం ఎలక్ట్రిక్ గిటారు.

ఆ గిటార్ల వెనక రాగి డబ్బుంది. అప్పట్లో దేశం ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా రాగిదే. కాంగో సరిహద్దు దాపున కిట్వే, ఎన్‌డోలా, చింగోలా, లువాన్‌ష్యా అన్నీ గని ఊళ్లే. ఆ ప్రాంతాన్ని కాపర్‌బెల్ట్ అంటారు. అక్కడ నెల తిరిగేసరికి జీతం వచ్చేది, సాయంత్రం కాలక్షేపానికి క్లబ్బులుండేవి. గనుల్లో పనిచేసే తెల్లవాళ్లతోపాటు రోలింగ్ స్టోన్స్, జిమి హెండ్రిక్స్ రికార్డులూ వచ్చాయి. మొజాంబిక్ నుంచి ఎల్.ఎం. రేడియో ఇంగ్లీషు పాటలు మోసుకొచ్చేది. వాటిని విని, అచ్చం అలాగే వాయించడం నేర్చిన పిల్లలు కొన్నాళ్లకు సొంత పాటలు కట్టసాగారు. అదే జామ్‌రాక్.

కిట్వేలో పెరిగిన ఇమ్మాన్యుయేల్ చాండాను మిక్ జాగర్‌తో పోలుస్తూ జనం అతనికి ఆ పేరే పెట్టారు. అది వాళ్ల నోట్లో నలిగి ‘జగారి’ అయింది. తెలుగు చెవికి చివర ‘గారు’ తగిలించినట్టు వినిపిస్తుంది గానీ, స్టేజీ మీద ఆ మనిషిది అంత మర్యాద వ్యవహారం కాదు. అతని బృందం పేరు విచ్, అంటే మంత్రగత్తె. ‘మేం రచ్చ చేయదలచుకున్నాం’ అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపినా అదే పేరు. సాయంత్రం ఏడింటికి మొదలుపెడితే అర్ధరాత్రి దాటి రెండింటిదాకా వాయించేవాళ్లు.

1970ల మొదట్లో వచ్చిన ‘ఇంట్రడక్షన్’ వాళ్ల తొలి ఎల్పీ. జాంబియాలో వాణిజ్యపరంగా విడుదలైన మొదటి రాక్ ఎల్పీ అదేనంటారు. దేశంలో రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీయే లేని రోజులవి. పాట జాంబియాది, పళ్లెం కెన్యాలో తయారయ్యేది. ప్రచారం చేసే పెద్ద కంపెనీ అండ లేదు కాబట్టి కచేరీకి వచ్చినవాళ్లకు తామే అమ్ముకునేవాళ్లు.

ఇక గిటారు సంగతి. ఫజ్ అనే చిన్న పెట్టె ఉంటుంది, కాలితో నొక్కేది. తీగ నుంచి వచ్చే శుభ్రమైన నాదాన్ని అది కావాలని గరగరలాడిస్తుంది. స్పీకరు కాగితం చిరిగిందేమో అనిపిస్తుంది. అమెరికా, ఇంగ్లండుల్లో 1960ల చివర సైకెడెలిక్ రాక్‌కు ఇదే ముఖ్యమైన మత్తు. విచ్ గిటారిస్టు క్రిస్ ఎంబేవే చేతిలో ఆ గరగర బరువుగా ఉండదు, చురుగ్గా పరిగెత్తుతుంది. 1975లో వచ్చిన ‘లేజీ బోన్స్’ ఎల్పీ వింటే తెలుస్తుంది. పాటల్లో చుట్టూ చాలా ఖాళీ, మధ్యలో గిటారు ఒక్కటే మండుతూ పోతుంది. విచ్ ఎల్పీల్లో ఒక్కటే వినే తీరికుంటే ఇదే వినాలి.

అదే ఏడాది అమనాజ్ బృందం ‘ఆఫ్రికా’ తెచ్చింది. దానికి రెండు మిక్సింగులున్నాయి: ఒకటి పొడిపొడిగా, ఇంకొకటి నూతిలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వనితో. పాల్ ఎన్‌గోజీ పళ్లతో గిటారు వాయించి జనాన్ని వెర్రెక్కించాడు. ఆయన ఆల్బం ఒకదాని పేరు ‘45,000 వోల్ట్స్’. కీత్ ఎమ్లెవు అయితే బృందం గొడవే పెట్టుకోకుండా వాయిద్యాలన్నీ తానే వాయించి ఎల్పీలు చేశాడు.

అంతలో రాగి దెబ్బకొట్టింది. 1974 వసంతంలో ఆకాశంలో ఉన్న ధర ఆ ఏడాది చివరికల్లా సగం కంటే కిందికి జారింది. పక్కనున్న రొడీషియాతో (ఇప్పటి జింబాబ్వే) సరిహద్దు 1973లోనే మూతపడింది. పొరుగు దేశాల విమోచన పోరాటాలకు కౌండా ఆశ్రయమిచ్చినందుకు దాడుల భయం, కర్ఫ్యూలు, రాత్రిళ్లు దీపాలార్పడం. అర్ధరాత్రి దాటేదాకా వాయించిన బృందాలు మధ్యాహ్నం టీ వేళకు కచేరీలు పెట్టుకోవలసి వచ్చింది. మిగిలిన గిరాకీని డిస్కో, దొంగ క్యాసెట్లు పంచుకున్నాయి. జనానికి రాక్ మొహం మొత్తిందని చెప్పడం తేలిక. అసలు జనం జేబులో టికెట్టు డబ్బే లేకుండా పోయింది.

జగారి 1970ల చివర్లో బృందాన్ని వదిలి సంగీతం పంతులయ్యాడు. తర్వాత తానే గని దారి పట్టి రత్నపు రాళ్ల కోసం తవ్వుకున్నాడు. తొలినాటి సహచరుల్లో ఒక్కరూ మిగల్లేదు. ఎక్కువమందిని ఎయిడ్స్ తీసుకుపోయింది.

పాత ఎల్పీల వేట మళ్లీ మొదలైంది జాంబియాలో కాదు, విదేశాల్లోని సేకర్తల మధ్య. లాస్ ఏంజెలెస్‌లోని నౌ-అగైన్ సంస్థ విచ్ ఆల్బంలను మళ్లీ అచ్చువేసింది. యూరప్ కుర్రాళ్లు వెనక వాయిస్తుంటే జగారి అరవై దాటాక మళ్లీ స్టేజీ ఎక్కాడు. 2019లో అతని మీద డాక్యుమెంటరీ వచ్చింది. 2023లో, జాంబియా రాజధాని లుసాకాలో రికార్డు చేసిన కొత్త ఆల్బం ‘జాంగో’ విడుదలైంది. పాత విచ్ వాళ్లలో అందులో ఉన్నది ఇద్దరే: జగారి, చివరి రోజుల్లో బృందంలో చేరిన కీబోర్డు వాద్యకారుడు పాట్రిక్ ఎంవొండెలా.