పాత స్పీకర్లు కొనబోయే ముందు

అమెరికా వచ్చిన కొత్తల్లో నాకు రెండు కోరికలుండేవి. ఒకటి సొంత కారు. రెండోది, నాన్నగారు మా ఊళ్ళో మర్ఫీ రేడియోలో విన్న పాటల్ని మంచి స్పీకర్లలో ఆయనకు వినిపించటం. కారు తొందరగానే వచ్చింది. రెండోదానికి పదేళ్ళు పట్టింది. అందులో మూడేళ్ళు నేను చేసిన ఒక్క పొరపాటు వల్ల వృథా అయ్యాయి. అలాంటి పొరపాటు మీరు చేయకుండా ఉండాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మేముండేది బోస్టన్ దగ్గర. ఒక శనివారం ఎస్టేట్ సేల్‌లో, ఒక పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లో, కుట్టుమిషను పక్కన ఒక జత అడ్వెంట్ స్పీకర్లు కనిపించాయి. అరవై డాలర్లు. "పని చేస్తాయా?" అని అడిగితే "చేస్తాయి" అన్నారు. ఇంటికి తెచ్చి గుడ్డ తీసి చూస్తే కోన్ చుట్టూ ఉండాల్సిన మెత్తటి అంచు నల్లటి పొడిగా రాలిపోతోంది. తప్పు అమ్మినవాళ్ళది కాదు, గుడ్డ తీసి చూడకుండా డబ్బులిచ్చిన నాది.

అసలు పాతవి ఎందుకు?

స్పీకరు పనిచేసే సూత్రం ఈ అరవై డెబ్భై ఏళ్ళలో పెద్దగా మారలేదు. అయస్కాంతం, తీగచుట్ట, దానికి అంటించిన కోన్, ఒక పెట్టె. పైగా ఈ చరిత్రలో పెద్ద భాగం నడిచింది బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలోనే. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టారు. అందరూ దాన్ని ఏఆర్ అంటారు. అప్పటిదాకా మంచి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే. విల్చర్ ఆలోచన వేరు. పెట్టెను గాలి చొరబడకుండా మూసేసి, కోన్‌ను వదులుగా అమర్చితే, లోపలున్న గాలే స్ప్రింగులా పనిచేస్తుంది. దాంతో పుస్తకాల అలమరలో పట్టే పెట్టెలోంచి కూడా మంద్రస్థాయి శబ్దం శుభ్రంగా వచ్చింది. క్లాస్ తరువాత 1957లో కేఎల్‌హెచ్, 1967లో అడ్వెంట్ కంపెనీల స్థాపనలో పాలుపంచుకున్నారు.

ఈ మూడు కంపెనీల స్పీకర్లు అమెరికా ఈశాన్య రాష్ట్రాల బేస్‌మెంట్లలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. వీటికి మరమ్మతు చేయవచ్చు, విడిభాగాలు దొరుకుతాయి, సరిచేసినవి మరో ఇరవై ఏళ్ళు పాడతాయి.

ఏవి చూడాలి?

ఏఆర్-3ఎ: 1967లో వచ్చింది. పన్నెండు అంగుళాల వూఫరు, రెండు డోములు. చాలా బరువు. నాలుగు ఓమ్‌ల స్పీకరు కాబట్టి చిన్న ఆంప్లిఫైయర్‌తో పని జరగదు. వెనక ఉండే రెండు లెవెల్ కంట్రోళ్ళు తుప్పు పట్టి, ట్వీటరు, మిడ్‌రేంజ్ మూగబోవటం వీటికి మామూలు జబ్బు. మూగబోయినంత మాత్రాన కాలిపోయిందని అనుకోవద్దు. ముందు ఆ కంట్రోళ్ళను అటూ ఇటూ తిప్పి చూడండి.

పెద్ద అడ్వెంట్: 1960ల చివర్లో వచ్చిన రెండు డ్రైవర్ల స్పీకరు. అందరికీ అందుబాటు ధరలో ఉండాలన్న ఉద్దేశంతోనే తయారు చేశారు. నేటికీ పాతవాటిలో చవకగా దొరికే మంచి స్పీకరు ఇదే అని నా అభిప్రాయం. ఫోమ్ అంచు మాత్రం తప్పకుండా పోయి ఉంటుంది, లేదా ఎవరో ఇప్పటికే మార్చి ఉంటారు.

జేబీఎల్ ఎల్100: 1970లో వచ్చింది. దీని ముందున్న ఫోమ్ గ్రిల్ పొడి అవుతుంది గానీ, వూఫరు అంచు మందుపూత వేసినది కాబట్టి సాధారణంగా నిలుస్తుంది. పేరు ఎక్కువ, ధరా ఎక్కువే.

క్లిప్ష్ హెరెసీ: 1957 నుంచి ఉన్న మోడలు. హారన్లు వాడతారు కాబట్టి కొద్ది వాట్లకే గట్టిగా పాడుతుంది. బేస్ తక్కువ.

ఎల్ఎస్3/5ఎ: ఇంగ్లండులో ఉన్న మిత్రులకు ఇది తెలిసే ఉంటుంది. 1970లలో బీబీసీ తన ప్రసార వ్యాన్ల వంటి ఇరుకు చోట్ల కోసం రూపొందించుకున్న చిన్న స్పీకరు. రోజర్స్, స్పెండర్ వంటి పలు కంపెనీలు లైసెన్సు తీసుకుని తయారు చేశాయి. మనిషి గొంతు దీనిలో అద్భుతంగా ఉంటుంది. డోలు, సన్నాయి మేళం మోతగా వినాలనుకునేవారికి మాత్రం ఇది చాలదు.

చూడటానికి వెళ్ళేటప్పుడు

జేబులో నాలుగు వస్తువులు పెట్టుకోండి: టార్చిలైటు, మల్టీమీటరు, ఒక ఏఏ బ్యాటరీ, రెండు మూరల వైరు. మొత్తం ఇరవై నిమిషాల పని.

1. ముందు గ్రిల్ గుడ్డ తీయించండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. కోన్ చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అయితే జిగటగా అంటుకున్నా, పొడిగా రాలినా మార్చాల్సిందే. రబ్బరు, గుడ్డ అంచులు చాలాకాలం మన్నుతాయి. ఫోమ్ పోవటం పెద్ద లోపం కాదు, కానీ ధర తగ్గించి అడగటానికి మంచి కారణం.

2. రెండు చేతుల వేళ్ళతో కోన్‌ను సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. లోపల గరగరమని రాసుకుంటున్న చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ దెబ్బతిన్నట్టే. అలాంటిది వద్దు. ఏఆర్, అడ్వెంట్ వంటి మూసిన పెట్టెల్లో, అంచు బాగుంటే, నొక్కిన కోన్ నింపాదిగా వెనక్కి రావాలి. ఠక్కున వచ్చేస్తే పెట్టెలోంచి ఎక్కడో గాలి పోతోందన్నమాట.

3. వెనకనున్న రెండు టెర్మినళ్ళ మధ్య మల్టీమీటరు పెట్టండి. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు దాదాపు ఆరు, నాలుగు ఓమ్‌ల దానికి మూడు పైచిలుకు చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే వూఫరు గానీ, లోపలి తీగ గానీ తెగింది. రెండు స్పీకర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి.

4. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి ఫోన్‌లో పట్టుకెళ్ళి వేయించండి. ట్వీటరు దగ్గర చెవి పెట్టి వినండి. మల్టీమీటరు ట్వీటరు సంగతి చెప్పదు, ఎందుకంటే దాని దారిలో కెపాసిటర్ అడ్డు ఉంటుంది. చెవి ఒక్కటే సాక్షి.

గీతలు, నీళ్ళ గ్లాసు మరకలు, మధ్యలో నొక్కుకుపోయిన టోపీ వంటివి చూపుకే గానీ శబ్దానికి అడ్డం కావు. వాటిని చూపించి బేరమాడుకోండి.

ఫోమ్ మార్చటం, కెపాసిటర్లు

ఫోమ్ అంచులు, జిగురు కలిపి కిట్‌గా దొరుకుతాయి. నాకు నలభై డాలర్ల లోపే అయింది. పాత ఫోమ్, పాత జిగురు పూర్తిగా గీకెయ్యాలి. తొంభై శాతం ఓపిక ఇక్కడే ఖర్చవుతుంది. కొత్త అంచు అంటించేటప్పుడు వాయిస్ కాయిల్ సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్కకు ఒరిగితే రాసుకుంటుంది. ఒక రోజంతా ఆరనివ్వండి. ఫోమ్ ఉన్నచోట మన్నుతుంది కదా అని గట్టి రబ్బరు వేయొద్దు, బేస్ మారిపోతుంది. కొన్ని పాత పెట్టెల్లో గాజుపీచు కూరి ఉంటుంది. మాస్కు, గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టకండి. ఆ పీచును ఎంత ఉందో అంతే తిరిగి పెట్టండి.

క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు దశాబ్దాలు గడిచేసరికి విలువ మారతాయి. పై స్థాయి మందకొడిగా వినిపిస్తే అవే కారణం కావచ్చు. అదే మైక్రోఫారడ్ విలువతో, పోలారిటీ లేనివి వేయాలి. టంకం పని రాకపోతే చేయగలిగినవారికి ఇవ్వండి. రెండు స్పీకర్లకూ ఒకేసారి చేయించండి.

ఆంప్లిఫైయర్

చిన్న ఆంప్లిఫైయర్ అయితే స్పీకరు కాలదు అనుకోవటం మనలో చాలామందికి ఉన్న భ్రమ. నిజానికి చిన్న ఆంప్లిఫైయర్‌ను చివరిదాకా తిప్పితే అలల తలలు తెగి, ఆ వికృత శబ్దంతో ట్వీటర్లు కాలిపోతాయి. సెన్సిటివిటీ కూడా చూసుకోండి. 87 డెసిబెల్స్ స్పీకరుకు, 96 డెసిబెల్స్ స్పీకరుకు మధ్య తేడా తొమ్మిది. అంటే అంతే గట్టిగా పాడటానికి మొదటిదానికి ఎనిమిది రెట్ల వాట్లు కావాలి. తీగ విషయంలో మాత్రం డబ్బు పారబోసుకోవద్దు. ఇంట్లో వాడే దూరాలకు పదహారు గేజి రాగితీగ చాలు.

గదిలో అమర్చటం

రెండు స్పీకర్లు, మీ కుర్చీ కలిసి సమబాహు త్రిభుజం కావాలి. ట్వీటరు మీ చెవి ఎత్తున ఉండాలి. గోడకు ఆనిస్తే బేస్ పెరిగి మాట ముద్దగా వినిపిస్తుంది. గోడకు మూడడుగుల దూరంలో పెడితే, వెనక్కి వెళ్ళి తిరిగొచ్చిన అల దాదాపు 94 హెర్ట్‌జ్ దగ్గర అసలు అలను కొట్టేస్తుంది. అందుకని ఏ దూరమూ పరిపూర్ణం కాదు. అరడుగు చొప్పున జరుపుతూ విని, బాగున్నచోట టేపు అంటించండి. ఇక్కడి చెక్క ఇళ్ళలో కార్పెట్లు, కర్టెన్లు ప్రతిధ్వనిని కొంత మింగుతాయి. హైదరాబాదులోని మార్బుల్ గచ్చు ఫ్లాట్లలో ఒక పెద్ద జంపఖానా పరిస్తే ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు.

ఘంటసాల పరీక్ష

ఇప్పుడు నా పొరపాటు సంగతి. అడ్వెంట్లకు ఫోమ్ మార్చాను, అమర్చాను, మిత్రులందరికీ చూపించాను. బేస్ మాత్రం పలచగా ఉండేది. గది తప్పనుకున్నాను. మూడు వందల డాలర్లు పోసి సబ్‌వూఫర్ కొన్నాను. మూడేళ్ళు అలాగే గడిచాయి.

ఆ వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నగారిని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి "మాయాబజార్" పాటలు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. పాట అయ్యాక ఏమంటారోనని చూస్తున్నాను.

"ఒరేయ్, ఘంటసాల ఏడీరా? ఈ చెవి దగ్గర కాస్త, ఆ చెవి దగ్గర కాస్త వినబడుతున్నాడు గానీ మనిషి ఎక్కడా లేడు. మన మర్ఫీలో ఒక్కచోటే ఉండేవాడు" అన్నారు.

నాకు మొదట చిన్నతనం అనిపించింది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక బ్యాటరీ తీసుకుని కూర్చున్నాను. ప్లస్ ఎర్ర టెర్మినల్‌కు, మైనస్ నల్లదానికి ఒక్క క్షణం తాకిస్తే ఒక వూఫరు ముందుకొచ్చింది. రెండోది వెనక్కి వెళ్ళింది. ఫోమ్ మార్చినప్పుడు ఒక పెట్టె లోపల తీగలు తారుమారు చేసి అంటించాను. ఒక కోన్ గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది. మంద్రమంతా ఒకదాన్నొకటి చంపుకుంటోంది. గొంతుకు నిలిచే చోటు లేదు.

కారణం ఇది: 1957 నాటి ఆ పాటలు మోనో. రెండు స్పీకర్లలోంచీ ఒకే శబ్దం వస్తుంది. అన్నీ సరిగా ఉంటే గాయకుడు రెండింటి నడుమ, ఖాళీ గోడ దగ్గర, మనిషి నిలబడ్డట్టు వినపడాలి. కాబట్టి మన పాత సినిమా పాటను మించిన పరీక్ష లేదు. గొంతు పక్కకు జరిగితే ఒక ట్వీటరు నీరసించింది, లేదా దూరాలు సమానంగా లేవు. గది నిండా చెదిరితే తీగలు తారుమారు. ఈ పరీక్షకు అసలు మోనో ముద్రణే వాడండి. 2010లో రంగుల్లో విడుదలైన "మాయాబజార్"కు శబ్దాన్ని కూడా డీటీఎస్‌లోకి మార్చారు, అది దీనికి పనికిరాదు. మరో మాట: పాత జేబీఎల్ స్పీకర్లలో బ్యాటరీ ప్లస్ ఎర్రదానికి తాకిస్తే కోన్ లోపలికే వెళుతుంది. అది వాళ్ళ పద్ధతి. రెండూ ఒకే వైపు కదిలితే చాలు.

ఇండియాకు తీసుకెళ్ళాలనుకుంటే

స్పీకర్లకు ప్లగ్గు లేదు కాబట్టి వోల్టేజీ బాధ లేదు. ఇక్కడి 120 వోల్టుల ఆంప్లిఫైయర్‌కు మాత్రం అక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పాత రికార్డ్ ప్లేయర్లలో కొన్నిటికి మోటారు వేగం కరెంటు సైకిళ్ళను బట్టి ఉంటుంది. ఇక్కడ 60, అక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పాట ఆరో వంతు నెమ్మదిగా సాగుతుంది. కోస్తా ఊళ్ళ తేమకు ఫోమ్ త్వరగా పాడవుతుంది కాబట్టి అదనంగా ఒక కిట్ పెట్టెలో పడేసుకోండి.

మర్నాడు పొద్దున కాఫీ వేళకు తీగలు సరిచేసి అదే పాట మళ్ళీ పెట్టాను. నాన్నగారు చేతిలో గ్లాసుతో అలాగే నిలబడిపోయారు. స్పీకర్ల మధ్య ఖాళీ గోడను చూపించి "ఇదుగో, ఇక్కడున్నాడు" అన్నారు. ఆ తరువాత ఆయన మళ్ళీ ఇంత దూరం ప్రయాణం చేయలేకపోయారు. సబ్‌వూఫర్ ఆ నెలలోనే అమ్మేశాను. అడ్వెంట్లు ఇంకా అదే చోట, నేలమీద అంటించిన టేపు గుర్తుల మీదే ఉన్నాయి.

మీరు కొంటే మాత్రం బ్యాటరీ పరీక్ష మొదటిరోజే చేయండి. అర నిమిషం పని. నాకు మూడేళ్ళు పట్టింది.