తీరం కోల్పోయిన రాజ్యం: నిజాం, కంపెనీ వర్తక సంధి

రామగుండం, గోదావరిఖని బొగ్గు నేడు రైలుమార్గాన తరలిపోతున్నది. అయితే ఒకప్పుడు నిజాం ఏలిన ఈ లోతట్టు నేల సరుకు ఎవరి అనుమతితో, ఎంత సుంకం చెల్లించి సముద్రం చేరాలన్న ప్రశ్న బొగ్గు గనుల కన్నా పాతది.

1766లో ఉత్తర సర్కారులను, అనగా తెలుగు కోస్తాలోని జిల్లాలను, ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న హైదరాబాదు పాలకుడు నిజాం అలీఖాన్ మరుసటి ఏడే మైసూరు ఏలిక హైదర్ అలీతో కలిసి కంపెనీపై కత్తి దూశాడు. చెంగం, తిరువణ్ణామలై పోరాటాలలో ఆ కూటమి ఓడిపోగా, 1768 ఫిబ్రవరిలో శాశ్వత మైత్రీ సంధి కుదిరింది. 1800లో అది సైన్య సహకార ఒప్పందంగా, అంటే కంపెనీ సేనను నిజాం తన ఖర్చుతో పోషించే ఏర్పాటుగా బిగిసింది. ఆ వెంటనే 1802 ఏప్రిల్‌లో వర్తక సంధి వచ్చింది. దాని ప్రకారం కంపెనీ ప్రాంతాల నుంచి వచ్చే సరుకుపై హైదరాబాదులో నూటికి ఐదు వంతుల సుంకమే వసూలు చేయాలి, దారి పొడవునా గుంజే రాహదారీ సుంకాలు రద్దు కావాలి; బదులుగా నిజాం మచిలీపట్నం రేవును వాడుకోవచ్చు, అక్కడ కోఠీ, అనగా సరుకు నిలవచేసి బేరాలు నడిపే వర్తకశాల, పెట్టుకోవచ్చు. ఒకనాడు తన ఏలుబడిలోనే ఉన్న రేవు ఆయనకు ఇప్పుడు సంధి ద్వారా దక్కిన సౌకర్యమైంది.

1860 డిసెంబరు సంధి ఈ వరుసలో తరువాతి మెట్టు. బ్రిటిష్ ప్రభుత్వానికి ఉన్న యాభై లక్షల రూపాయల బాకీ రద్దుకూ, రాయచూరు తదితర ప్రాంతాల వాపసుకూ ప్రతిగా నిజాం గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం, చర్ల, సిరొంచ వంటి తాలూకాలను అప్పగించి, సరిహద్దుగా ప్రవహించే మేర నదిపై రవాణాకు సుంకం మాఫీ చేశాడు. ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ కలగన్న గోదావరి జలమార్గానికి దుమ్ముగూడెం మొదలుగా రాతి అడ్డంకులు ఎదురుకాగా, 1871లో పనులు ఆగిపోయాయి. ఆ ఏడే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. నది మోయలేకపోయిన బరువును రైలు అందుకున్నది. 1929లో పూర్తయిన కాజీపేట, బల్లార్షా మార్గం రామగుండాన్ని ఉత్తర దక్షిణ భారతాలతో కలిపింది.

శత్రుత్వాన్ని మాన్పిన సంధులుగా వీటికి విలువ ఉన్నది. కాని తీరం ఒక్కరి చేతిలోనే ఉన్నప్పుడు మైత్రి ఎంత గట్టిదైనా వర్తకంలో సమానత్వం రాదని ఆ శతాబ్దపు చరిత్ర నిరూపిస్తున్నది.